ఎద్దుల బలమూ, మనుష్యుల పందెమూ



నేను కోయిలకుంట్ల ప్రాంతపు సేద్యగాడను. మా చుట్టుప్రక్కల తిరునాళ్లలో జరుగు బండలాగుడును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. ఈ విషయమున రెండు పక్షములవారు గట్టిగా వాదించుకొనుచున్నారు. ఇది మూగజీవములను హింసించుట, వెంటనే మాన్పవలయునని ఒక పక్షమువారందురు. ఇది తాతముత్తాతల నాటి వేడుక, దీనిని మాన్పినచో ఒంగోలు జాతి ఎద్దే మనకు మిగులదని రెండవ పక్షమువారందురు. ఇరువురి మాటలలోను కొంత నిజమున్నది. కాని ఇరువురును తగినంతగా చూడని సంగతి యొకటి కలదు. అది గుంపులో చేతులు మారు డబ్బు.

మన భాషలో పోటీని పందెమే యందురు, కాయు డబ్బును పందెమే యందురు. ఒకే మాట రెండింటికి వాడుటచేత ఒకదాని తప్పు రెండవదానిపై పడుచున్నది. కనుక ఈ ప్రసంగమున ఎద్దుల బలమును పరీక్షించుటను పోటీ యనియు, దానిపై డబ్బు కాయుటను పందెమనియు చెప్పెదను.

కుందూనది కిరుప్రక్కల నున్న నల్లరేగడి నేల తడిసినచో బంక, ఎండినచో రాయి. ఆ నేలను లోతుగా దున్నుటకు సామాన్యమైన ఎద్దులు చాలవు. ట్రాక్టరు రాకముందు బలమైన జత యున్న ఇంటికే సేద్యము సాగెడిది. కోడె కాడికి వచ్చినప్పుడు దాని సత్తువను నలుగురి యెదుట చూపుకొనవలెనను కోరిక రైతునకు సహజము. బండలాగుడు అట్టి కోరికనుండియే పుట్టియుండును. కొలిచిన బాటపై రాతిబండను కాడికి తగిలించి, నిర్ణయించిన నిమిషములలో ఏ జత ఎక్కువ దూరము లాగునో దానికి మొదటి బహుమానమిత్తురు. పాలపండ్ల కోడెలు, రెండుపండ్లవి, నాలుగుపండ్లవి, ఆరుపండ్లవి, ఆపైన పెద్ద ఎద్దులు, ఇట్లు పండ్లను బట్టి తరగతులు చేయుదురు. మహానందిలో శివరాత్రికిని, ఇతర గ్రామములలో ఉగాదికిని తిరునాళ్లకును ఈ పోటీలు జరుగుట మీ రెరిగినదే.

ఈ ఎడ్లను పెంచు రైతులు కఠినహృదయులని నేననను. ఇంటిలో పాలు పెరుగు కరవైనను ఎద్దు ముందర ఉలవలు తగ్గనీయనివారిని నేనెరుగుదును. ఎద్దుకు జబ్బు చేసినచో రాత్రియంతయు కొట్టములోనే కూర్చుండువారు కలరు. అట్టి రైతు ఎద్దును కన్నకొడుకని చెప్పుట నటన కాదు.

అయితే పందెము వచ్చిన తరువాత ఆ రైతు చేతిలో ఏమి మిగులునో విచారింపవలెను. బహుమానము వేరు, పందెము వేరు. బహుమానమునకు వచ్చిన రైతు రేపును ఆ ఎద్దుతోనే బ్రతుకవలసినవాడు. దాని కాలు బెణికిన నష్టమతనిది, దాని గుండె ఆగిన దుఃఖమతనిది. పందెము కాచినవానికి ఆ ఎద్దు కావలసినది పది పదునైదు నిమిషముల వరకే. ఆ పిమ్మట అది నిలిచినను కూలినను అతని లెక్క తీరిపోయినది. ఇట్టివాడు నూటికి ఒకడున్నచో చింత లేదు. గుంపులో సగముమంది ఇట్టివారైనప్పుడు పోటీని నడుపునది రైతు కాదు, పెద్దలు కారు, ఆ గుంపే.

ఒక తిరునాళలో నేను స్వయముగా చూచిన సంగతి చెప్పెదను. ఊరి పేరు అవసరము లేదు. ఎండ నెత్తికెక్కు వేళ నాలుగుపండ్ల జత యొకటి సగము దూరము లాగి నిలిచిపోయినది. ఎడమ ఎద్దు నోరు తెరచి నాలుక వెలుపల పెట్టినది. చొంగ తీగలుగా కారుచున్నది. యజమాని అది చూచి, కాడి దింపుదమని చేయి యెత్తెను. గుంపు ఒప్పుకొనలేదు. ఇంకను నాలుగు నిమిషములున్నది, లాగింపుమని కేకలు వేసిరి. అట్లు కేకలు వేసినవారిలో ఎందరికి ఆ ఎద్దుల పేర్లయినను తెలియునో నాకు సందేహమే. తోలువారు చెర్నాకోలతో కొట్టిరి, తోక మెలిపెట్టిరి. ఎద్దు మోకాళ్లపై కూలినది. అప్పుడు గాని కాడి దింపలేదు. యజమాని తన తలగుడ్డను తడిపి దాని ముఖము తుడుచుచుండగా, గుంపు మరియొక ప్రక్కకు తిరిగి డబ్బు లెక్క చూచుకొనుచుండెను. ఆ ఎద్దు బ్రతికినది గాని ఆ సంవత్సరము మరల కాడికి రాలేదని తరువాత వింటిని. తన సొంత ఎద్దు విషయమున యజమాని మాట చెల్లకపోవుటయే అచ్చట జరిగిన పెద్ద అన్యాయమని నాకు తోచినది.

కోడిపందెమునుండి పల్నాటి యుద్ధము వచ్చిన కథ వినని తెలుగువాడు లేడు. అందులో కోళ్లకు పగ లేదు. పగ మనుష్యులది, చచ్చినవి మాత్రము మొదట కోళ్లు, పిమ్మట మనుష్యులు.

ఈ తగవు మన సీమలోనే యున్నదనుకొనరాదు. ఇంగ్లండులో గుఱ్ఱములచే కంచెలు, కందకములు దూకించుచు పరుగు పందెములు పెట్టుదురు. వానిలో లివర్‌పూల్ చెంత ఐన్‌ట్రీ మైదానమున 1839 నుండి జరుగుచున్న గ్రాండ్ నేషనల్ మిక్కిలి ప్రసిద్ధము. దూరము నాలుగు మైళ్లకు మించియుండును, దూకవలసిన చోట్లు 30. సంవత్సరమంతయు పందెమూసెత్తనివారు సైతము ఆనాడు డబ్బు కాయుదురు. 2012లో ఆ పోటీలో రెండు గుఱ్ఱములు చచ్చినవి. 2023 ఏప్రిల్ నెలలో జంతుహింస కూడదనువారు మైదానములోనికి చొరబడుటచేత పోటీ 14 నిమిషములు ఆలస్యమైనది. నూర్గురికి పైగా నిర్బంధింపబడిరి. పోటీ మొదలైన వెంటనే హిల్ సిక్స్‌టీన్ అను గుఱ్ఱము మొదటి కంచె వద్ద పడి చచ్చినది. ఈ అలజడిచేతనే గుఱ్ఱము కలతపడినదని దానిని తర్ఫీదు చేసినవాడు నిందించెను. పోటీయే దానిని చంపినదని అడ్డుకొన్నవారు బదులు చెప్పిరి. మన రచ్చకట్టపై వినబడు వాదమే అచ్చటను వినబడినది.

అయితే వారు వాదముతో ఊరకుండలేదు. 2013లో కంచెల లోపలి గట్టి కొయ్యను తీసి మెత్తని పదార్థము నుంచిరి. 2024 నుండి గుఱ్ఱముల సంఖ్యను 40 నుండి 34కు తగ్గించిరి. వేగము పెరుగకముందే దూకునట్లు మొదటి కంచెను దగ్గరకు జరిపిరి. 2023లో కొరడా దెబ్బలకు కొత్త లెక్క పెట్టిరి. కంచెల పోటీలో రౌతు ఏడు దెబ్బలకు మించి కొట్టరాదు. దానికి పైన మరి నాలుగు దెబ్బలు కొట్టినచో గెలిచిన గుఱ్ఱమునకును గెలుపు చెల్లదు. మరియు 1961 నాటి చట్టముచే ఏర్పడిన పద్ధతి ననుసరించి, పందెములు కట్టించుకొను వ్యాపారులనుండి సొమ్ము రాబట్టి, గుఱ్ఱపు జాతుల అభివృద్ధికి, పశువైద్య పరిశోధనకు కూడ వినియోగించుచున్నారు. ఇంత చేసినను గుఱ్ఱముల చావులు పూర్తిగా ఆగలేదు. ఆస్ట్రేలియాలోని దక్షిణ రాష్ట్రమున 2022 నుండి దూకుడు పందెములనే మానివేసిరి.

ఆ దేశమున పందెపు సొమ్ములో కొంతయైనను గుఱ్ఱపు వైద్యమునకు పోవుచున్నది. మన తిరునాళలో చేతులు మారు డబ్బునుండి ఎద్దుకు గుప్పెడు ఉలవలైనను రావు. అంతేగాక మన రాష్ట్రమున 1974 నాటి జూద చట్టము గుఱ్ఱపు పందెములకు కొన్ని షరతులపై మినహాయింపు నిచ్చినదే గాని, ఎద్దులపై పందెము కాయుటకు ఇయ్యలేదు. కనుక అది ధర్మమునకే గాక చట్టమునకును విరుద్ధము.

జంతువుల విషయమున చట్టమేమనునో కూడ పెద్దలు తెలిసికొనవలెను. జంతువులపట్ల క్రూరత్వమును నివారించు చట్టము 1960లో వచ్చినది. దాని క్రింద 1965లో ఏర్పడిన నియమములను బట్టి, కాడిపశువును దినమునకు తొమ్మిది గంటలకు మించి బండికి కట్టరాదు. ఉష్ణము 37 డిగ్రీలు దాటు చోట్ల మధ్యాహ్నము 12 గంటలనుండి 3 గంటలవరకు అసలే కట్టరాదు. ములుకోల వాడరాదు. 2014 మే 7న సుప్రీముకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పరుగు పందెములను నిషేధించినది. పిమ్మట తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర రాష్ట్రములు తమ తమ చట్టములను సవరించుకొనగా, 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సవరణలను నిలిపినది. కాబట్టి కోర్టు చూచునది వేడుక యొక్క పేరును కాదు, పశువునకు బాధ కలుగకుండ ఏ కట్టుబాటున్నదని. ఏ గ్రామమున పోటీ తలపెట్టినను అధికారులనడిగి, చట్టము అనుమతించినంతవరకే జరుపవలెను.

ఇక పోటీ లేనిచో జాతి నశించునను వాదమును చూతము. మన ఒంగోలు పశువులు బ్రెజిలు దేశమునకు పోయి నెలోర్ అను పేర లక్షలాదిగా పెరిగినవి. అచ్చట వానిని మాంసమునకై పెంచుదురు గాని బండ లాగించుటకు కాదు. కనుక పోటీ లేక జాతి నిలువదనుట అన్ని చోట్ల నిజము కాదు. కాని మన పల్లెలో ట్రాక్టరు వచ్చిన పిదప ఎద్దును మేపుటకు రైతునకు కారణము తగ్గిపోయినది. కొందరు రైతులు పోటీ యున్నదనియే మంచి కోడెలను నిలుపుకొనుచున్నారు. అందుచేత పోటీని మాన్పుడని నేననుటలేదు. జాతిని కాపాడుట కొఱకే పోటీ యైనచో, ఆ జాతి ఎద్దును మైదానములో కూల్చుట ఎట్లు కాపాడుట యగునని మాత్రము అడుగుచున్నాను.

కొట్టనిదే ఎద్దు లాగదని మరికొందరందురు. మంచి సేద్యగాడు పొలములో అదలింపుతోను, పగ్గపు కదలికతోను ఎద్దును నడుపును. కొట్టి లాగించిన దూరము చెర్నాకోల బలము చూపును గాని ఎద్దు బలము చూపదు. బలపరీక్షయే కావలెనన్నచో కొట్టని పరీక్షయే నిజమైన పరీక్ష.

పెద్దలు మీరు తలచినచో ఈ క్రింది కట్టుబాట్లు మీ చేతిలోనివే. మొదటిది, పోటీని తెల్లవారగనే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగింపుడు. గుఱ్ఱమువలె ఒడలంతయు చెమట కారి చల్లబడు శక్తి ఎద్దుకు తక్కువ. అది ఊపిరితో కూడ వేడిని వెలువరించుకొనవలెను. రెండవది, ములుకోలను, తోక మెలిపెట్టుటను పూర్తిగా నిషేధించి, అట్లు చేసిన జతకు బహుమానము లేదని ముందే చాటింపుడు. మూడవది, పశువైద్యుని మైదానమునకు పిలిపింపుడు. ఎద్దు నోరు తెరచి నాలుక చాపినను, తడబడినను కాడి దింపుమను అధికారము అతనికిని, యజమానికిని సమానముగా నుండవలెను. వారిలో ఒకరు చేయి యెత్తినంతనే గంట మ్రోగవలెను. నాలుగవది, అట్లు కాడి దింపిన రైతును ఓడినవానిగా చూడక, అంతవరకు లాగిన దూరమును లెక్కించి సభలో గౌరవింపుడు. ఐదవది, పందెము కాయువారిని ఆవరణలోనికి రానీయకుడు. వచ్చినచో పోటీని నిలిపివేయుదుమని చెప్పి, చెప్పినట్లే చేయుడు. ఒక్క తిరునాళలో అట్లు నిలిపినచో మరుసటి సంవత్సరము వారు మీ ఊరి దారి పట్టరు.

వీనిలో ఐదవదే మిక్కిలి కష్టము. పందెము కాయువారిలో మన బంధువులుందురు, పలుకుబడి గలవారుందురు. వారిని కాదన్నచో తిరునాళకు జనము తగ్గునను భయము కలదు, చందాలు తగ్గునను భయము కలదు. కొంత జనము తగ్గుట నిజమే కావచ్చును. తగ్గువారు ఎద్దును చూడవచ్చినవారు కారు గనుక ఆ తగ్గుట నష్టము కాదని నా మనవి.

మరియొక్క ప్రశ్నను మీ యెదుట నుంచి ముగించెదను. గెలిచిన ఎద్దు మెడకు పూలదండ వేయుదుము. కాలు కుంటుపడిన ఎద్దు, వయసు మళ్లిన ఎద్దు ఎక్కడికి పోవుచున్నవి? సంతకా, కొట్టమునకా? మీ గ్రామమున పోటీ జరిపించు సంఘమువారు వసూలు చేసిన చందాలలో కొంత భాగమును అట్టి ఎద్దుల మేతకును వైద్యమునకును ప్రత్యేకించిన యెడల, ఎద్దును కన్నకొడుకని మనమను మాటకు సాక్ష్యము దొరకును. వచ్చు తిరునాళ లెక్కలు వ్రాయునప్పుడు బహుమానముల పద్దు ప్రక్కనే ఆ పద్దును కూడ వ్రాయింపుడని గ్రామపెద్దలను వేడుకొనుచున్నాను.