పలచని గాలిలో పిల్లల పరుగు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి కాకుండా ఇంకేదైనా మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. మన సంఘం తరఫున హైస్కూలు ఆటల పోటీలకు ఒక వెండి కప్పు ఇవ్వాలనే తీర్మానం ఈ మధ్యాహ్నం చర్చకు రాబోతోంది. దానికి ముందు మీరు వినవలసిన విషయం ఒకటుందని నాకు తోచింది. అది 2021 ఆగస్టులో కెన్యా రాజధాని నైరోబీలో జరిగిన ప్రపంచ అండర్-20 అథ్లెటిక్స్ పోటీల కథ.

అండర్-20 అంటే ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి ఇరవై ఏళ్ళు నిండకూడదు. 2021 పోటీలకు 2002లోనో, ఆ తరువాతో పుట్టినవాళ్ళే అర్హులు. సర్వీసు రిజిస్టర్లలో పుట్టినతేదీ దిద్దుబాట్ల కోసం జనం పడే పాట్లు ముప్పై ఏళ్ళు చూసినవాణ్ణి కనుక, ఈ ఒక్క నిబంధన సరిగ్గా అమలు కావడానికి ఎంత కాగితం నడవాలో నేను ఊహించగలను. అది వేరే కథ.

నైరోబీ సముద్రమట్టానికి సుమారు 1,795 మీటర్ల ఎత్తున ఉంది. మన హార్స్‌లీ హిల్స్ కంటే అయిదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తు. ఊటీ కంటే తక్కువ. ఊటీ వెళ్ళినవాళ్ళకు అనుభవమే, అక్కడ మామూలు గిన్నెలో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. గాలి ఒత్తిడి తగ్గేసరికి నీళ్ళు నూరు డిగ్రీలకు చేరకముందే మరిగిపోతాయి. నైరోబీలో తొంభై నాలుగు దగ్గరే మరుగుతాయి. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా ఇక్కడా ఒకటే, నూటికి ఇరవై ఒకటి. అయితే గాలే పలచన. సముద్రతీరంలో ఒక్కసారి పీల్చినప్పుడు అందే ప్రాణవాయువులో అక్కడ నూటికి ఎనభై పాళ్ళే అందుతుంది. కొన్ని వారాలు అక్కడే ఉంటే మూత్రపిండాలు రక్తకణాల ఉత్పత్తిని పెంచి లోటు కొంత పూడుస్తాయి. నాలుగు రోజుల ముందు విమానం దిగినవాడికి ఆ సదుపాయం లేదు.

ఇందులో ఒక చిత్రం ఉంది. గాలి పలచనైతే దూరం పరుగెత్తేవాడికి ఊపిరి అందదు గాని, వంద మీటర్లు పరుగెత్తేవాడికీ, దూకేవాడికీ అడ్డు తగ్గి మేలు జరుగుతుంది. దీనికి సాక్ష్యం 1968 మెక్సికో ఒలింపిక్స్. ఆ నగరం సుమారు ఊటీ అంత ఎత్తు. అక్కడ బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకాడు. ఆ రికార్డును 1991లో మైక్ పావెల్ టోక్యోలో దాటేదాకా ఎవరూ కదపలేదు. అదే మెక్సికోలో పదివేల మీటర్ల పరుగు 29 నిమిషాల 27 సెకన్లకు గెలిచారు. అప్పటి ప్రపంచ రికార్డు 27 నిమిషాల 39 సెకన్లు. ఆ రికార్డు సొంతదారు రాన్ క్లార్క్ ఆరో స్థానంలో వచ్చి, గీత దాటాక కుప్పకూలితే ప్రాణవాయువు పట్టవలసి వచ్చింది. గెలిచినవాడు కెన్యా వాడు, నఫ్తాలీ తెము. ఎత్తైన నేలమీద పుట్టి పెరిగినవాళ్ళ సత్తా లోకానికి అప్పుడు బాగా తెలిసింది.

ఇక మన పిల్లల సంగతి. అమిత్ ఖత్రీ అనే హర్యానా కుర్రవాడు పదివేల మీటర్ల నడక పోటీలో దిగాడు. నడక అంటే మనం ఉదయం పార్కులో కబుర్లాడుతూ చేసేది కాదు. ఎప్పుడూ ఒక పాదం నేలను తాకే ఉండాలి, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. అలా ట్రాకు మీద ఇరవై అయిదు చుట్లు. ఆ పలచని గాలిలో అమిత్ చాలాసేపు అందరికంటే ముందు నడిచాడు. చివరి చుట్లలో మంచినీళ్ళు అందుకోవడానికి కాస్త నెమ్మదించగానే కెన్యా కుర్రవాడు హెరిస్టోన్ వన్యోన్యీ ముందుకు పోయాడు. తేడా ఏడు సెకన్లు. రజతం. పొడిగాలిలో నోరెండిపోయి నీళ్ళు తాగినవాణ్ణి ఎవరు తప్పు పట్టగలరు?

శైలీ సింగ్‌ది మరీ బాధ. ఝాన్సీ అమ్మాయి. తల్లి బట్టలు కుట్టి పోషించింది. బెంగుళూరులో అంజూ బాబీ జార్జ్ దంపతుల దగ్గర శిక్షణ. పదిహేడేళ్ళ వయసులో లాంగ్‌జంప్ ఫైనల్లో 6.59 మీటర్లు దూకి మొదటి స్థానంలో నిలిచింది. తరువాతి రౌండులో స్వీడన్ అమ్మాయి మాయా ఓస్కాగ్ 6.60 దూకింది. ఒక్క సెంటీమీటరు! మన చిటికెన వేలి గోరు వెడల్పు.

నాలుగు వందల మీటర్ల మిశ్రమ రిలేలో భరత్, ప్రియా మోహన్, సమ్మీ, కపిల్ 3 నిమిషాల 20.60 సెకన్లకు కాంస్యం తెచ్చారు. అంతకు ముందు ఈ పోటీల చరిత్ర మొత్తంలో మనకు వచ్చినవి నాలుగే పతకాలు: 2002లో సీమా అంతిల్, 2014లో నవ్‌జీత్ కౌర్, 2016లో నీరజ్ చోప్రా, 2018లో హిమా దాస్. నైరోబీలో ఒక్కసారే మూడు.

"అమెరికా రాలేదు, బ్రిటన్ రాలేదు, జపాన్ రాలేదు, కోవిడ్ భయంతో సగం దేశాలు ఇంట్లో కూర్చుంటే వచ్చిన పతకాలు ఏపాటివి?" అని మొన్న పార్కులో ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ఆ దేశాలు రాకపోవడం నిజమే. కాని నైరోబీలో వంద మీటర్లు గెలిచిన బోట్స్‌వానా కుర్రవాడు లెట్సిలే టెబోగో 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో రెండు వందల మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఎనిమిది వందల మీటర్లు గెలిచిన ఎమ్మాన్యుయేల్ వన్యోన్యీ, నడకలో గెలిచిన వన్యోన్యీ కాదు, ఈయన వేరు, అదే పారిస్‌లో తన పరుగుకు స్వర్ణం తెచ్చుకున్నాడు. మన రిలే జట్టు మరుసటి ఏడాది కొలంబియాలోని కాలీ నగరంలో, అమెరికా వచ్చిన పోటీలోనే, నైరోబీ కంటే దాదాపు మూడు సెకన్లు తగ్గించి అమెరికా వెనకే రజతం అందుకుంది. నలుగురిలో ముగ్గురు నైరోబీలో పరుగెత్తినవాళ్ళే. రానివాళ్ళ హాజరుపట్టీ చూసి వచ్చినవాళ్ళ పని తూచడం ఆఫీసులోనూ న్యాయం కాదు, మైదానంలోనూ కాదు.

నన్ను ఎక్కువ కలచివేసింది ఖాళీ గ్యాలరీలు. ఆ కసరాని స్టేడియంలో అప్పట్లో అరవై వేల మంది పట్టేవారు. 2017లో అక్కడే అండర్-18 పోటీలు జరిగినప్పుడు జనం విరగబడి వచ్చారు. 2021లో చప్పట్లు కొట్టేవాడు లేడు.

ఇప్పుడు మన తెలుగు పిల్లల మాట. మహిళల నాలుగు వందల మీటర్ల రిలేలో మన జట్టుకు నాలుగో స్థానం వచ్చింది. ఆ జట్టులో కుంజా రజిత ఉంది. గోదావరి ఏజెన్సీ గిరిజన బాలిక. హర్డిల్స్‌లో పరుగెత్తిన అగసర నందిని హైదరాబాదు అమ్మాయి, తండ్రి టీ కొట్టు నడిపారు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం ఈమెదే. నాలుగో స్థానానికి పతకం లేదు, పేపర్లో ఫొటో లేదు. కాని పదోతరగతి రాగానే "ఆటలు కట్టిపెట్టి పుస్తకం తియ్యి" అనే మన ఇళ్ళలో పుట్టి ఉంటే ఈ ఇద్దరూ నైరోబీ దాకా వెళ్ళేవారా అని నా అనుమానం. మన సభ్యుల మనవరాళ్ళలోనే ఇద్దరు జిల్లా స్థాయికి వెళ్ళి ఆగిపోయారు. పేర్లు చెప్పను, తాతగార్లు ఇక్కడే ఉన్నారు.

కప్పు విషయానికి వస్తాను. కొటేషను నేను చూశాను. ఆ డబ్బుతో వెండిపూత కప్పు ఒకటి వస్తుంది, దాన్ని హెడ్మాస్టరు గారి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పోయిన నెల ఆ హైస్కూలు మైదానానికి వెళ్ళాను. రెండు వందల మీటర్లలో మొదటి వచ్చే పిల్ల ఉత్తకాళ్ళతో పరుగెత్తుతోంది. ఇంకో పిల్లకు బూట్లున్నాయి, అన్నవి, రెండు సైజులు పెద్దవి, ముందు గుడ్డ కుక్కుకుంది. డ్రిల్లు మాస్టారిని అడిగితే పధ్నాలుగు మంది పిల్లలకు స్పైక్ బూట్లు కావాలన్నారు, కాళ్ళ కొలతలు కూడా రాసి ఇచ్చారు. ఆ కాగితం నా జేబులో ఉంది. కప్పు డబ్బుకు తొమ్మిది జతలు వస్తాయి. మిగిలిన అయిదు జతలకు తలా కొంత వేసుకోవాలి. నా వంతు కోశాధికారి గారికి ఉదయమే ఇచ్చి రశీదు తీసుకున్నాను.

తీర్మానానికి ఈ సవరణను నేను ప్రతిపాదిస్తున్నాను. బలపరచేవారు ఎవరైనా ఉంటే, భోజనాల గంట కొట్టకముందే లేచి నిలబడవలసిందిగా కోరుతున్నాను.