పిల్లల చెయ్యి పట్టుకుని
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద మనం కరువు భత్యం బకాయిల గురించి, వైద్యం బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. అవి మాట్లాడుకోవలసినవే. అయితే ఈసారి కార్యదర్శిగారు "మీకు తోచిన విషయం చెప్పండి" అని స్వేచ్ఛ ఇచ్చారు. అందువల్ల మనలో చాలామంది చేస్తున్నా ఏ సర్వీసు రిజిస్టరులోకీ ఎక్కని ఒక ఉద్యోగం గురించి చెప్పదలచుకున్నాను. అది మనవల్ని చూసుకోవడం. అందులోనూ ముఖ్యంగా, వాళ్ళను బయటికి తీసుకెళ్ళడం.

నేను 1973లో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేశాను. మా పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు విద్యానగర్‌లో రెండు గదుల వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. జీతం ఒకటో తారీఖున వచ్చేది, షికారు మొదటి ఆదివారం వచ్చేది. రెండో ఆదివారానికి చేతిలో డబ్బు ఉండేది కాదు. మా ఆవిడ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి, స్టీలు క్యారియరులో సర్దేది. పెద్ద సీసాలో మంచినీళ్ళు, ఒక పాత దుప్పటి, అంతే సరంజామా. అఫ్జల్‌గంజ్ దాకా ఒక బస్సు, అక్కడినుంచి జూపార్కుకు వెళ్ళే 7జెడ్ డబుల్ డెక్కరు. మా అబ్బాయికి పై అంతస్తులో ముందు సీటు దొరికితే ఇక జూ చూడకపోయినా ఫరవాలేదన్నట్టు ఉండేవాడు.

మీరాలం చెరువు పక్కన ఆ జూపార్కును 1963లో ప్రజల కోసం తెరిచారు. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో మొదలై 1968లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. అక్కడ గంట కొట్టే గడియారం దగ్గర మనమందరం ఎన్నిసార్లు పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుని నిలబడలేదు! ఆ బొమ్మ మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టడం రెండు నిమిషాల పని. దానికోసం ముప్పావుగంట ముందు నుంచీ నిరీక్షణ. ఆ ముప్పావుగంటలో మా అమ్మాయి గడియారంలో టైము చూడడం నేర్చుకుంది. బడిలో ఆ పాఠం తరువాత వచ్చింది.

1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి విగ్రహం తీసుకెళ్ళే బార్జి ఒరిగి, విగ్రహం నీటి అడుగుకు వెళ్ళిపోయింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరు 1న గానీ దాన్ని పీఠం మీద నిలబెట్టలేదు. ఆ మధ్యకాలంలో ట్యాంక్‌బండ్ మీదికి వెళ్ళినప్పుడల్లా మా అబ్బాయిది ఒకటే ప్రశ్న, "నాన్నా, బుద్ధుడు ఎప్పుడు లేస్తాడు?" అని. లేచిననాటి తరువాత వచ్చిన ఆదివారం వాడే ముందుగా చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఊళ్ళో జరిగే సంగతి మా ఇంటి సంగతిలాగే ఉండేది. కారణం, మేము ఊళ్ళో తిరిగేవాళ్ళం.

ఇప్పుడు మా అబ్బాయి కుటుంబంతో నల్లగండ్లలో ఉంటున్నాం. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఈ వైపంతా పొలాలు, రాళ్ళగుట్టలు. తరువాత ఒక్కొక్క అంతస్తే పెరుగుతూ ఊరు ఆకాశంలోకి వెళ్ళింది. మా అపార్టుమెంట్లలో జారుడుబల్ల ఉంది, ఈతకొలను ఉంది, గేటు దగ్గర కాపలా ఉంది. ఏ లోటూ లేదని చెప్పాలి. కానీ మా మనవడికి ఏడేళ్ళు, మనవరాలికి నాలుగేళ్ళు. వాళ్ళకు తెలిసిన హైదరాబాదు లిఫ్టులో మొదలై, సెల్లారులో కారెక్కి, మాల్ సెల్లారులో దిగి, మళ్ళీ లిఫ్టులో ముగుస్తుంది. మధ్యలో ఉన్న ఊరంతా కారు అద్దం అవతలిది. ఆ అద్దంలోంచి చూసేదీ తక్కువే, చేతిలో ఫోను ఉంటుంది గనుక.

ఇందులో కొడుకులనూ కోడళ్ళనూ తప్పు పట్టవలసింది లేదు. మనకు సాయంత్రం అయిదు దాటితే ఫైలు మూసేసే అవకాశం ఉండేది. వాళ్ళ ఆఫీసు రాత్రి పదింటికి ఇంట్లోనే తెరుచుకుంటుంది. శనివారం కూడా ల్యాప్‌టాప్ ఒళ్ళోనే. సెలవు దొరికిన ఒక్క పూట ట్రాఫిక్‌లో నిలబడే ఓపిక వాళ్ళకు లేదు. ఆ ఇంట్లో తీరిక ఉన్నవాళ్ళం మనమే.

అందుకని నిరుడు నేను ఒక ప్రతిపాదన పెట్టాను. లింగంపల్లి నుంచి నాంపల్లికి ఎమ్.ఎమ్.టి.ఎస్. రైల్లో వెళ్ళి, పబ్లిక్ గార్డెన్స్ చూపించి తీసుకొస్తానని. 2003 ఆగస్టులో మొదలైన ఈ రైలు మనకు ఇంత దగ్గర్లో ఉండగా మనవలు ఒక్కసారీ ఎక్కలేదు. కోడలు మెల్లగా అంది, "మామయ్యగారూ, మీకే మోకాళ్ళ నొప్పులు. ఇద్దర్నీ పట్టుకుని రైల్లో ఎలాగండీ? క్యాబ్ బుక్ చేస్తాను, మాల్‌కి వెళ్ళిరండి."

ఆ అమ్మాయి భయం సమంజసమైనదే. డెబ్బై దాటిన మనిషి చేతిలో నాలుగేళ్ళ పిల్లను పెట్టి పంపడం చిన్న విషయం కాదు. చర్చల అనంతరం షరతులతో కూడిన అనుమతి మంజూరైంది. మొదట మనవడు ఒక్కడే, అది సవ్యంగా జరిగితే తరువాత ఇద్దరూ. మా ఆవిడ తోడు రావాలి. పిల్లల జేబులో ఫోను నెంబరు రాసిన చీటీ ఉండాలి. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. నాకు ఇవన్నీ ఆమోదయోగ్యంగానే తోచాయి.

రెండు విడతలూ సక్రమంగా జరిగాయి. మనవరాలు రైలెక్కగానే సీటు బెల్టు కోసం వెతికింది. మనవడు చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ అంటూ బోర్డులు కూడబలుక్కుని చదివాడు. తెలుగు అక్షరాలు వాడికి పుస్తకంలో బరువు, స్టేషను బోర్డు మీద ఆట. నాంపల్లిలో దిగాక వాడి సందేహం, "తాతయ్యా, పట్టాలు ఇక్కడ ఆగిపోయాయేం?" అని. రైలు దారికి ఒక చివర ఉంటుందని వాడికి అప్పుడే తెలిసింది. అక్కడినుంచి పబ్లిక్ గార్డెన్స్ నడిచి వెళ్ళేంత దూరం. అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. నేను దాన్నే గొప్పగా చూపించబోయాను. పిల్లలకు దానికన్నా దారిలో జామకాయ కోసి ఉప్పూ కారం చల్లి ఇచ్చిన అతను ఎక్కువగా గుర్తున్నాడు. వాళ్ళ అమ్మకు చెప్పింది ఆ సంగతే.

కష్టమంతా రైల్లో కాదు, ఇంటి ముందే. గేటు దాటాక పిల్లల్ని నడిపించడానికి కుదురైన ఫుట్‌పాత్ లేదు. ఉన్న చోట దాని మీద మోటారు సైకిళ్ళు. రోడ్డు దాటాలంటే చెయ్యెత్తి దేవుణ్ణి తలుచుకోవాలి. నల్లగండ్ల చెరువు మాకు ఇంత దగ్గర. అక్కడ కొంగలు వాలుతాయి, సాయంత్రం ఎండ నీటి మీద పడుతుంది, టిక్కెట్టు లేదు. అయినా పిల్లల్ని నడిపించుకుని వెళ్ళాలంటే గుండె దడ. పక్కనున్న చెరువుకు నడిచి వెళ్ళలేని పిల్లలు ముప్ఫై కిలోమీటర్లు కారులో వెళ్ళి పక్షుల్ని చూసి వస్తున్నారంటే ఆలోచించవలసిన విషయం.

ఇక మీకు నేను విన్నవించుకునేది ఇది. పిల్లవాడు మన చెయ్యి పట్టుకుని నడిచే వయసు మూడు నుంచి తొమ్మిది దాకా. పదేళ్ళు వస్తే స్నేహితుల ముందు చెయ్యి విడిపించుకుంటాడు, అది సహజం. మన కాళ్ళు ఆడే ఏళ్ళు ఎన్నో మన డాక్టర్లకు తెలుసు. వాళ్ళకు మన చెయ్యి కావలసిన కాలం, మనకు కాళ్ళు ఆడే కాలం కలిసివచ్చేది నాలుగైదేళ్ళే. ఇది ఎర్న్డ్ లీవు కాదు, నిలవ చేసి తరువాత డబ్బుగా మార్చుకోవడానికి. క్యాజువల్ లీవు లాంటిది. ఆ యేడు వాడుకోకపోతే రద్దయిపోతుంది.

అనుభవం మీద నాలుగు సూచనలు. ఒక పూటకు ఒక్క చోటు చాలు. రెండో చోటు పెట్టుకుంటే పిల్లలు ఏడుస్తారు, మనం విసుక్కుంటాం. జూపార్కుకు సోమవారం, సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, చూసుకుని బయలుదేరండి. రైళ్ళ వేళలు ముందే కనుక్కోండి, రద్దీ వేళల్లో ఎక్కవద్దు. అయిదేళ్ళ లోపు పిల్లలకు రైల్లో టిక్కెట్టు అక్కర్లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది గనుక మన సోదరీమణులకు ఖర్చు అడ్డంకి కాదు, ఆధార్ కార్డు మాత్రం మరిచిపోవద్దు. జనవరిలో నుమాయిష్ ఉంటుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఆ ఎగ్జిబిషన్‌ను పని దినాల్లో చూపించండి, ఆదివారం వద్దు.

సంఘం తరఫున రెండు పనులు చేయవచ్చని నా మనవి. మొదటిది, నెలకొకసారి నలుగురైదుగురు తాతలూ బామ్మలూ మనవలతో కలిసి బయలుదేరడం. ఒకరి మోకాలు మొరాయిస్తే ఇంకొకరు పిల్లను చూస్తారు. ఇంట్లోవాళ్ళకూ ధైర్యం. రెండోది, మన కాలనీలనుంచి చెరువుకూ స్టేషనుకూ నడకదారి, రోడ్డు దాటే చోట సిగ్నలు కావాలని అందరం సంతకాలు చేసి అర్జీ పెట్టడం. అర్జీ రాయడం, దాన్ని రిజిస్టరులో ఎక్కించుకుని నెంబరు తీసుకోవడం, నెంబరు పట్టుకుని టేబులు టేబులూ తిరగడం మనకు తెలియని విద్య కాదు. ముప్ఫై అయిదేళ్ళు ఆ టేబుల్ అవతల కూర్చున్నవాళ్ళం. ముసాయిదా నేను రాసి తెచ్చాను. సభ ముగిశాక కార్యదర్శిగారి దగ్గర ఉంటుంది. చదివి, సవరణలుంటే చెప్పి, సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను.