వెబ్‌సైట్ ఎవరి పేరున ఉంది?

 

ఈమధ్య మీలో చాలామంది మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "తేనె అమ్ముతున్నాం, వెబ్‌సైట్ చేయించాలి, ఎవరికిద్దాం? ఎంతవుతుంది?" మారేడుమిల్లిలో గదులు అద్దెకిచ్చేవాళ్లూ, కొండ చీపుర్లు, వెదురు బుట్టలు అమ్మే సంఘాలవాళ్లూ ఇదే అడుగుతున్నారు. ఎంతవుతుందన్నది తర్వాత చూద్దాం. ఎవరి పేరున ఉంటుందన్నది ముందు చూడాలి. ఈరోజు మేము చెప్పదలచుకున్నది ఎక్కువగా దాని గురించే.

దానికన్నా ముందు ఇంకో మాట. అందరికీ వెబ్‌సైట్ అక్కర్లేదు. సీజన్‌లో ఇరవై, ముప్పై సీసాల తేనె అమ్మేవాళ్లకు వాట్సాప్ బిజినెస్, ఒక క్యూఆర్ కోడ్ చాలు. గదులున్నవాళ్లు గూగుల్ మ్యాప్‌లో తమ చోటు పెట్టుకుంటే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు నేరుగా ఫోన్ చేస్తారు. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. ఏడాది పొడవునా సరుకు ఉండి, పట్నం కొట్లవాళ్లు "మీ వివరాలు ఎక్కడ చూడాలి" అని అడిగే స్థాయికి వచ్చినప్పుడు వెబ్‌సైట్ గురించి ఆలోచించండి. అప్పుడైనా నాలుగు పేజీలు చాలు. ఏం అమ్ముతారు, ఎంత, ఎక్కడి నుంచి, ఎలా మాట్లాడాలి, అంతే. కదిలే బొమ్మలూ, సంగీతమూ పెడతామంటే వద్దనండి. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో సిగ్నల్ ఎలా ఉంటుందో మనకు తెలియంది కాదు.

ఇక అసలు సంగతి. వెబ్‌సైట్ అంటే ఒకే వస్తువు అనుకుంటాం. అందులో మూడు ఉంటాయి. ఒకటి డొమైన్, అంటే చిరునామా. డాట్ కామ్, డాట్ ఇన్ అని చివర వస్తుందే, అది. రెండోది హోస్టింగ్, అంటే ఫైళ్లు ఉంచే అద్దె చోటు. మూడోది డెవలపర్ చేసిన పని, దాంట్లో మనం ఇచ్చిన ఫొటోలు, రాతలు. మూడూ వేరువేరు, మూడింటికీ వేరువేరు ఖాతాలు ఉండొచ్చు. డెవలపర్ "అన్నీ మేమే చూసుకుంటాం" అన్నప్పుడు సాధారణంగా జరిగేదేమిటంటే, మూడూ అతని ఈమెయిల్‌తో, అతని ఖాతాలోనే తీసేస్తాడు. మోసం చేద్దామని కాదు, అలా అయితే అతనికి పని సులువు. కానీ రెండేళ్ల తర్వాత అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతే, ఫోన్ నంబర్ మారిపోతే, లేదా రెన్యువల్‌కు నోటికొచ్చినంత అడిగితే మన చేతిలో ఏముంటుంది? సీసాల మీద అచ్చేసిన చిరునామా మనది, దాని తాళం ఇంకొకరిది. గడువు దాటి ఆ పేరు వదిలేస్తే వేరెవరైనా కొనుక్కోవచ్చు కూడా.

ఏజెన్సీలో పుట్టినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. భూమి దున్నేది మనం, కాగితంలో పేరు వేరొకరిది. ఆ బాధ నుంచే 1959 రెగ్యులేషన్, దానికి సవరణగా 1/70 వచ్చాయి. చట్టం ఉన్నా బినామీ పేర్ల మీద ఎంత నడిచిందో మీ ఇళ్లలో పెద్దల్ని అడగండి. అడవి సరుకు సంగతీ అంతే. 1956లో జీసీసీ పెట్టింది దళారుల చేతిలో మనం నష్టపోకూడదనే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. సరుకు మీద హక్కు రావడానికి ఇన్నేళ్లు పట్టింది. ఆ సరుకు అమ్మే పేరును మన చేతులారా ఇంకొకరి ఖాతాలో వేయడమేమిటి?

డొమైన్‌కు 1/70 లాంటి రక్షణ ఏదీ లేదు. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వాళ్లదే. అందుకని డొమైన్ మీరే కొనండి. పావుగంట పని. మామూలు పేరైతే ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది పెంచేవాళ్లున్నారు, రెన్యువల్ ధర చూసి కొనండి. సంఘానికని ఒక ఈమెయిల్ తెరిచి దాంతోనే కొనండి. అధ్యక్షుడి సొంత మెయిల్ వద్దు, అధ్యక్షులు మారుతుంటారు. వన్ ధన్ కేంద్రాల్లాగా ఎన్నో సంఘాలు కలిసి చేసే చోట ఇది మరీ ముఖ్యం. పాస్‌వర్డ్ ఇద్దరికి తెలియాలి, మినిట్స్ పుస్తకంలో ఎవరి దగ్గర ఉందో రాసి ఉండాలి. తర్వాత డెవలపర్‌కు పని చేసుకోవడానికి ప్రవేశం ఇవ్వండి, పనయ్యాక తీసేయండి.

డబ్బు వచ్చే దారి విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. పేమెంట్ గేట్‌వే సంఘం పాన్‌తో, సంఘం బ్యాంకు ఖాతాతోనే ఉండాలి. "ముందు నా ఖాతాలో పడుతుంది, వారానికోసారి మీకు పంపుతాను" అని ఎవరన్నా అంటే అక్కడితో లేచి వచ్చేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

మనిషిని ఎంచుకోవడం గురించి. కాకినాడలోనో రాజమండ్రిలోనో మంచి కుర్రాళ్లున్నారు. పెద్ద ఆఫీసు చూసి పోవద్దు. అతను చేసిన సైట్లు రెండు చూపించమనండి, మీ ఫోన్‌లో, మీ ఊళ్లో కూర్చుని తెరవండి. ఆ సైట్ల యజమానులకు ఫోన్ చేసి, ధర మార్చమంటే ఎన్నాళ్లకు మారుస్తాడో అడగండి. ఆ ఒక్క జవాబుతో మనిషి తెలిసిపోతాడు. చేపలో రొయ్యలో ధర రోజూ మారినట్టు మన చింతపండు ధరా మారుతుంది, మార్చిన ప్రతిసారీ అతన్ని బతిమాలుకునే సైట్ మనకెందుకు? ధర, ఫొటో మనమే మార్చుకునేలా చేయమని మొదటిరోజే చెప్పాలి.

ఒప్పందం తెలుగులో ఒక పేజీ రాసుకోండి, సిగ్గుపడొద్దు. ఏమేం చేస్తాడు, ఎప్పటికి, ఏడాదికి ఎంత, తర్వాత చిన్న మార్పులకు ఎంత అని. ఇంకొకటి చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటి మనిషి చేసిచ్చిన ప్రోగ్రామ్ మీద హక్కు, మనం డబ్బిచ్చినంత మాత్రాన మనది అయిపోదు. రాతపూర్వకంగా బదలాయించాలి. ఆ వాక్యం కూడా పేజీలో ఉండాలి. డబ్బు మూడు భాగాలుగా ఇవ్వండి.

ఫొటోలు మీరే తీయండి. డెవలపర్‌కు వదిలేస్తే ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో రాష్ట్రపు గిరిజనుల బొమ్మ పెట్టి, కింద కొండరెడ్లు అని రాస్తాడు. మన అమ్మమ్మల ఫొటో పెట్టాలన్నా వాళ్లను అడిగి పెట్టండి. తినే సరుకైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేకుండా అమ్మకానికి దిగొద్దు.

ఇప్పటికే చేయించుకున్నవాళ్లు ఈ రాత్రే చూసుకోండి. డొమైన్ కొన్న కంపెనీ పేరేమిటి, లాగిన్ మీ దగ్గర ఉందా? లేకపోతే డెవలపర్‌ను మర్యాదగా అడగండి. ఖాతా నుంచి ఖాతాకు మార్చవచ్చు, వేరే కంపెనీకి మార్చాలంటే ఆథరైజేషన్ కోడ్ అని ఒకటి ఇస్తాడు. చాలామంది ఇచ్చేస్తారు. మూడో భాగం డబ్బు ఇంకా ఇవ్వాల్సి ఉన్నవాళ్లు మాత్రం, లాగిన్ చేతికొచ్చి, పాస్‌వర్డ్ మీరు మార్చాకే ఆ డబ్బు పంపండి.