వాణిజ్యపు త్రాసులో ఉయ్‌గుర్ల హక్కులు



హక్కుల గురించి దేశాలు పలికే మాటలకూ, చేసే వ్యాపారానికీ మధ్య ఎంత దూరమున్నదో తెలియాలంటే జర్మనీ, చైనాల సంబంధాన్ని పరిశీలించాలి. 2016 నుండి 2023 వరకు వరుసగా ఎనిమిదేళ్లు జర్మనీకి అతిపెద్ద వాణిజ్య భాగస్వామి చైనాయే. వర్తకం పెరిగితే అక్కడి పాలన కూడా క్రమంగా మెత్తబడుతుందని జర్మన్ నాయకులు చాలాకాలం వాదించారు.

ఆ వాదన షిన్‌జియాంగ్‌లో నిలువలేదు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ చైనా భాగస్వామితో కలిసి ఆ ప్రాంత రాజధాని ఉరుమ్చిలో కార్ల కర్మాగారం తెరిచింది. నాలుగేళ్లు గడిచేసరికి అదే ప్రాంతంలో లక్షలాది ఉయ్‌గుర్ ముస్లింలు విచారణ లేకుండా శిబిరాల పాలయ్యారు. అవి వృత్తి శిక్షణ కేంద్రాలని చైనా చెప్పుకున్నది. అక్కడ జరిగినవి మానవాళిపై నేరాలు కావచ్చునని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022 ఆగస్టు 31న నివేదించింది.

జర్మనీలో కదలిక వచ్చింది. కాని అది ఉపన్యాసాల వల్ల రాలేదు. హక్కుల సంఘాలు, ప్రవాస ఉయ్‌గుర్లు, పత్రికలు ఏళ్ల తరబడి ప్రశ్నించగా వచ్చింది. షిన్‌జియాంగ్ పరిస్థితిని కారణంగా చూపి 2022లో ఆ ప్రభుత్వం ఒక సంస్థకు పెట్టుబడి హామీలు నిరాకరించింది. సరఫరాదారుల వద్ద వెట్టిచాకిరీ ఉన్నదేమో పెద్ద సంస్థలే పరిశీలించాలనే చట్టం 2023 జనవరి 1న అమలులోకి వచ్చింది. 2024 నవంబరులో ఫోక్స్‌వ్యాగన్ ఉరుమ్చి కర్మాగారాన్ని అమ్మివేస్తున్నట్లు ప్రకటించింది. కారణం ఆర్థికమేనని చెప్పింది, హక్కుల ఊసెత్తలేదు.

జర్మనీని తప్పుపట్టి ఊరుకుందామా? 2022 అక్టోబరు 6న ఆ నివేదికపై చర్చ జరపాలన్న ప్రతిపాదన మానవ హక్కుల మండలి ముందుకు వచ్చింది. తీర్పు కోసం కాదు, చర్చ కోసం మాత్రమే. జర్మనీతో సహా 17 దేశాలు అనుకూలించాయి, 19 వ్యతిరేకించాయి, 11 తటస్థంగా ఉన్నాయి. ప్రతిపాదన వీగిపోయింది. వ్యతిరేకించిన వాటిలో పాకిస్తాన్, ఇండోనేషియా, ఖతర్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఉన్నాయి. ముస్లిం దేశాలలో సోమాలియా అనుకూలించింది. మన భారతదేశం తటస్థంగా నిలిచింది.

పీడితుడు మనవాడైనంత మాత్రాన మన పేరు చెప్పుకొనే ప్రభుత్వాలు అతని పక్షాన నిలబడవు. పీడించేవాడు కొనుగోలుదారుడైతే నోరు మెదపవు. కనుక మైనారిటీల రక్షణను ఏ రాజ్యపు సానుభూతికీ వదిలివేయరాదు. దానిని చట్టంలో వ్రాయించుకోవాలి, ఆ చట్టం అమలయ్యేదాకా అడుగుతూనే ఉండాలి. ఇక్కడ మన హక్కు కోసం ఎత్తిన గొంతును ఉయ్‌గుర్ల కోసమూ ఎత్తుదాం. ఆనాడు మన దేశం ఎందుకు తటస్థంగా ఉన్నదో మన పార్లమెంటు సభ్యులను అడుగుదాం. ముస్లిం దేశాలను కూడా అదే స్వరంతో అడుగుదాం.