అమ్మ కావాలా, నాన్న కావాలా? కోర్టులో పిల్లల మాటకి విలువెంత?

చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే ఒక ప్రశ్న ఖాయంగా అడిగేవాళ్లు, గుర్తుందా? "నీకు అమ్మంటే ఇష్టమా, నాన్నంటే ఇష్టమా?" ఇద్దరూ అంటే ఒప్పుకునేవాళ్లు కాదు. మనం అమ్మ కొంగు చాటుకెళ్లి దాక్కునేవాళ్లం. అక్కడితో అయిపోయేది.

ఇప్పుడు అదే ప్రశ్న ఫ్యామిలీ కోర్టులో ఎదురైందనుకోండి. వరండాలో ఒక బెంచీ మీద అమ్మ, ఇంకో బెంచీ మీద నాన్న. మధ్యలో తొమ్మిదేళ్ల పాప. ఏం చెప్తే ఎవరికి కోపమొస్తుందో అని లెక్కేసుకుంటూ ఉంటుంది. దాక్కోడానికి కొంగు లేదు.

మరి చట్టం ఏమంటోంది? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్, సెక్షన్ 17. తెలివిగా ఆలోచించి ఇష్టం చెప్పగలిగే వయసు పిల్లలకి ఉంటే, కోర్టు ఆ ఇష్టాన్ని పరిగణించవచ్చు. "పరిగణించవచ్చు" అనే ఉంది, "పాటించాలి" అని లేదు. "తొమ్మిదేళ్లు దాటితే పిల్లాడి ఇష్టమే ఫైనల్" అని చాలామంది చెప్తుంటారు కదా? ఆ సెక్షన్‌లో అలాంటి అంకె ఏదీ లేదు. హిందువులకి వర్తించే 1956 చట్టంలో ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని ఉంది. కానీ అన్నిటికంటే పైన ఉండేది పిల్లల క్షేమం.

మూడు కేసులు చెప్తాను. 2008లో ఒక బాబు కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది. తల్లి చనిపోయింది. ఆ చావు విషయంలోనే తండ్రి మీద క్రిమినల్ కేసు ఉంది. బాబు అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరుగుతున్నాడు. కింది కోర్టు, హైకోర్టు తండ్రికే ఇవ్వమన్నాయి. సుప్రీంకోర్టు జడ్జీలు బాబుని తమ ఛాంబర్‌కి పిలిచి మాట్లాడారు. తండ్రి దగ్గరికి వెళ్లనన్నాడు. కింది కోర్టులు బాబు మనసు తెలుసుకోలేదని తప్పుబట్టి, తీర్పు మార్చారు.

2022లో ఇంకో కేసు, అమెరికాలో పుట్టిన బాబుది. అక్కడ సుప్రీంకోర్టు ఏమందంటే, పిల్లల కోరిక ఏంటన్నది ఒక ప్రశ్న, పిల్లలకి ఏది మంచిదన్నది వేరే ప్రశ్న. బాబుని తిరిగి అమెరికా పంపమంది. మన ఎన్ఆర్ఐ ఫ్యామిలీలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మూడోది 2025 జులైలో. అంతకుముందు సంవత్సరం ఒక బాబుని తండ్రికి ఇవ్వమని సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తర్వాత బాబు మానసికంగా బాగా కుంగిపోయాడని డాక్టర్ల రిపోర్టులు వచ్చాయి. దాంతో కోర్టు తన తీర్పుని తానే మార్చుకుంది. దేశంలో పెద్ద కోర్టే వెనక్కి తగ్గగలిగింది. మరి మన ఇళ్లల్లో పెద్దవాళ్లు?

అసలు సమస్య ఇదే. పిల్లల నోట్లోంచి వచ్చే మాట ఎవరిది? వాళ్లదా, ముందురోజు రాత్రి ఇంట్లో బట్టీ పట్టించిందా? అందుకే చాలామంది జడ్జీలు తల్లిదండ్రులు లేకుండా, ఛాంబర్‌లో స్కూలు గురించి, ఫ్రెండ్స్ గురించి మెల్లగా మాట్లాడిస్తారు. అవసరమైతే కౌన్సెలర్ సాయం తీసుకుంటారు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం దానికి దారి ఇచ్చింది.

మాట వినడం వేరు, నిర్ణయం భారం నెత్తిన పెట్టడం వేరు. పిల్లలు చెప్పేది ఓటు కాదు. "నువ్వు చెప్పావు కాబట్టే నాన్న వెళ్లిపోయాడు" అనే బరువుతో ఏ పిల్లా పెరగకూడదు.

ఇది చూస్తున్న మీలో ఎవరింట్లోనైనా ఈ గొడవ నడుస్తుంటే, ఒక మాట. జడ్జిగారితో ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. "ఇద్దరూ కావాలి" అనొచ్చు. "నేను ఎంచుకోలేను" అన్నా తప్పు కాదు. భయంగా ఉంటే 1098కి కాల్ చేయండి. ఉచిత న్యాయ సహాయానికి 15100.

పెద్దవాళ్లకి ఒకటే రిక్వెస్ట్. పిల్లలతో వీడియో తీయించి కోర్టుకి పట్టుకెళ్లకండి. ఇక చుట్టాలూ, ఆ పాత ప్రశ్న సరదాకి కూడా అడగొద్దు ప్లీజ్. ఏ ఇంట్లో ఏం నడుస్తోందో మనకి తెలీదు కదా.

ఉంటాను మరి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.