బాసుగిటారు, ఆంప్లిఫయరు: కచేరీలకు పోవు మన యువకులు కొనవలసిన తీరు

(సంఘ మందిరమున యువజన వాద్యబృందమును, వారి తలిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వర్తకులమైన మేము బాసుగిటారును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. మేము వాయించువారము కాము, కొని అమ్మువారము. అయినను సంఘము సొమ్ముతో మన బృందమునకు సామగ్రి కొనవలసి వచ్చినప్పుడు కార్యవర్గము ఆ పనిని మాకు అప్పగించెను. బృందములోని పిల్లలను వెంటబెట్టుకొని అంగళ్లు తిరిగి, వారు వాయింపగా విని, ఎత్తి బరువు చూచి, వెలలు పోల్చి తెలిసికొన్న సంగతులను మీ ముందుంచుట మా విధి.

ఈ చెన్నపట్టణమున తరతరములుగా స్థిరపడిన కుటుంబములు మనవి. మన పిల్లలలో తెలుగు అక్షరములు రానివారు కలరు. తెలుగు పాట రానివారు అరుదు. కల్యాణ మండపములలోను, ఉగాది సభలలోను ఆ పాటలే వాయించి వారు నాలుగు రూకలు సంపాదించుచున్నారు. అట్టి పిల్లవాడు వాద్యము కావలెనన్నప్పుడు తల్లి గాజులు కుదువకు పోవుట మనమెరుగనిది కాదు. ఆ సొమ్ము వృథా పోరాదు. నేటి ప్రసంగమునకు అదియే కారణము.

మొదట ఈ వాద్యము చేయు పని యేమో తెలిసికొందము. మన సంగీతమున తంబురా శ్రుతిని నిలుపును. మృదంగము తాళమును నడుపును. బాసుగిటారు ఈ రెండు పనులకు నడుమ నిలిచి, పాటకు ఆధారస్వరమును, నడకను ఒక్కసారిగా అందించును. శ్రోత దానిని ప్రత్యేకముగా గుర్తింపకపోవచ్చును. అది ఆగినచో మాత్రము పాట పునాది లేని ఇల్లువలె తోచును. ఇళయరాజాగారి పాటలను ఈ దృష్టితో వినుడు. గాయకుని గొంతు క్రింద మరియొక పాట నడచుచుండుట తెలియగలదు.

పాశ్చాత్య బృందములలో పూర్వము ఈ పనిని మనిషి యెత్తుండు డబుల్ బాస్ చేయుచుండెను. 1930ల దశకముననే సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ మెట్లుగల విద్యుత్ బాసును చేసెను గాని అది వ్యాప్తికి రాలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బాస్’ను వెలువరించెను. ప్రెసిషన్ అనగా ఖచ్చితము. వీణకువలె మెట్లుండుటచే వేలుంచినచోట స్వరము సరిగా పలుకుననుట ఆ పేరులోని భావము. మరుసటి యేడు, 1952లో, ఆయనయే ఈ వాద్యము కొరకు ‘బాస్‌మన్’ అను ఆంప్లిఫయరును 15 అంగుళముల స్పీకరుతో తయారుచేసెను. ఈ రెండవ సంగతిని పిల్లలు మరువరాదు. వాద్యమును వ్యాప్తిలోనికి తెచ్చినవాడే అది ఒంటరిగా పనికిరాదని గ్రహించెను. బాసుగిటారు వాద్యములో సగము మాత్రమే. రెండవ సగము స్పీకరు.

మన యువకులు చేయు బేరము దీనికి తలక్రిందులుగా నుండును. చేతిలోని సొమ్మంతయు పేరుగల గిటారుపై పోసి, మిగిలిన చిల్లరతో ఏదో యొక పెట్టె తెత్తురు. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయుట యనగా ఇదియే. మా సలహా యేమనగా, ఉన్న సొమ్ము నూరు భాగములైనచో నలుబది భాగములు గిటారుకు, ఏబది భాగములు ఆంప్లిఫయరుకును స్పీకరుకును, పది భాగములు తీగలు, కేబుళ్లు, పట్టీ, సంచి, వాద్యము సరిచేయించుటకు ఉంచుకొనవలెను.

ఇక గిటారు సంగతి. సాధారణ బాసుకు నాలుగు తీగలు. అడుగు తీగ సెకనుకు సుమారు 41 కంపనములు చేయును. తక్కిన మూడును వరుసగా 55, 73, 98. తీగ పలుకు పొడవు 34 అంగుళములు. చిన్న చేతులవారికి 30 అంగుళముల వాద్యములును దొరకును. అంగడిలో కనబడువానిలో అధికభాగము మూడు మూలరూపములకు నకళ్లు గాన, ఆ మూడింటిని ఎరిగినచో చాలును.

మొదటిది ప్రెసిషన్ జాతి. 1957 నుండి దీని పికప్పు రెండు ముక్కలుగా చీలియుండి, విద్యుత్తు గుంయిమనుటను తానే అణచుకొనును. నాదము గుండ్రముగా, నిండుగా ఉండును; మీటలు తక్కువ, చిక్కులు తక్కువ. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ పాటలకు జేమ్స్ జేమర్సన్ వాయించినది ఈ జాతియే. రెండవది 1960లో వచ్చిన జాజ్ బాస్. మెడ మొదట సన్నము, సుమారు 38 మిల్లీమీటర్లు. రెండు పికప్పులుండుటచే నాదమును పలు విధముల మార్చుకొనవచ్చును. కాని ఒక్క పికప్పునే తెరచినచో గుంయిమను శబ్దము వినబడును. రెండును సమముగా తెరచినచో అణగును. మూడవది 1976లో వెలువడిన మ్యూజిక్ మన్ స్టింగ్‌రే. లోపల బాటరీతో పనిచేయు ప్రీఆంప్లిఫయరు కలదు. నాదము పదునుగా ముందుకు వచ్చును. ఇట్టివానిని ఆక్టివ్ అందురు. వాయించుట ముగియగానే కేబుల్ ఊడదీయనిచో 9 వోల్టుల బాటరీ ఊరకే తరుగును. కచేరీ నడుమ బాటరీ అడుగంటినచో నాదము చెడి, మూగబోవును గాన సంచిలో మరియొకటి ఉండితీరవలెను.

అయిదు తీగల బాసులును కలవు. వాని అడుగు తీగ సుమారు 31 కంపనములకు దిగును. సినిమా పాటలలో ఆ క్రింది స్వరములు కావలసినవారికి అది మేలే. కాని అంత లోతైన నాదమును చిన్న స్పీకరు పలుకలేదు. కొత్తవారికి నాలుగు తీగలే చాలునని మా అభిప్రాయము.

మూలరూపమేదైనను, కొనునప్పుడు చూడవలసినవి నాలుగు. ఒకటి, మెడ వంపు. అడుగు తీగను మొదటి మెట్టుపైనను చివరి మెట్టుపైనను ఒక్కసారి అదిమి పట్టి, నడుమ ఏడవ మెట్టుకడ చూడుడు. విజిటింగ్ కార్డు దూరునంత సందు ఉన్నచో మేలు. ఎక్కువ తక్కువలను మెడలోని ఇనుప కడ్డీని త్రిప్పి సరిచేయవచ్చును; ఆ కడ్డీ తిరుగనిచో ఆ వాద్యమును విడువుడు. రెండు, పన్నెండవ మెట్టు. అచట తీగను మృదువుగా తాకి పలికించిన స్వరమును, అదిమి పలికించిన స్వరమును ఒక్కటిగా ఉండవలెను. మూడు, ప్రతి మెట్టును ప్రతి తీగపై వాయించి, ఎక్కడనైన గరగర యున్నదా యని వినుట. నాలుగు, బరువు. పట్టీ తగిలించుకొని అర్ధగంట నిలువబడుడు. నాలుగు కిలోల వాద్యము అంగడిలో తేలిక. రాత్రి పదకొండు గంటల ముహూర్తపు పెండ్లిలో మూడు గంటలు మోసినచో భుజమే సాక్ష్యము చెప్పును.

మన సముద్రతీరపు తేమను గూర్చి ఒక మాట. వర్షకాలమున కొయ్య ఉబ్బి మెడ వంపు మారును; ఉప్పుగాలికి తీగలు త్రుప్పుపట్టును. వాయించిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి సంచిలో ఉంచుడు. ఎండలో నిలిపిన కారులో వాద్యమును విడిచిపోరాదు.

ఇప్పుడు ఆంప్లిఫయరు. మన చెవి లోతైన స్వరములను మధ్యస్వరములంత సులభముగా అందుకొనదు. అందుచే మామూలు గిటారుకు చాలు శక్తి బాసుకు చాలదు. మామూలు గిటారు కొరకు చేసిన పెట్టెలో బాసును గట్టిగా వాయించినచో స్పీకరు చెడిపోవును.

వాట్ల లెక్కను చూచి మోసపోరాదు. అంగడివాడు 100 బదులు 200 వాట్లనినచో ధ్వని రెట్టింపగునని తలంతురు. అది నిజము కాదు. శక్తి రెట్టింపైనచో పెరుగునది 3 డెసిబెళ్లు. చెవికి కొంచెము హెచ్చుగా తోచును, అంతియే. చెవికి రెట్టింపుగా తోచవలెనన్న శక్తి సుమారు పదిరెట్లు కావలెను. అందువలన స్పీకరు పెట్టె యొక్క గ్రహణశక్తిని అడుగుడు. ఒక వాటుకు 97 డెసిబెళ్లిచ్చు పెట్టెకు బదులు 100 ఇచ్చు పెట్టెను తీసికొన్నచో, ఉన్న ఆంప్లిఫయరు శక్తి రెట్టింపైనట్లే. వాట్లు అడుగునప్పుడును, క్షణకాలపు గరిష్ఠశక్తియా, నిలుకడగా ఇచ్చు శక్తియా యని విడదీసి అడుగుడు. పెట్టెపై పెద్ద అక్షరములలో ముద్రించునది తరచు మొదటిదే.

రెండవ లెక్క ఓములది. 8 ఓముల స్పీకరు పెట్టెలు రెండు కలిపినచో 4 ఓములగును. ఆంప్లిఫయరు 4 ఓములవరకే తాళునదైనచో మూడవ పెట్టె తగిలింపరాదు. తగిలించినచో అది ఆగిపోవును, లేదా కాలిపోవును. వాల్వుల ఆంప్లిఫయరునైతే స్పీకరు లేకుండ ఎన్నడును నడుపరాదు.

పాత, కొత్త సామగ్రి భేదమును ఒక్క ఉదాహరణతో చెప్పెదము. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్.వి.టి. 300 వాట్ల వాల్వుల యంత్రము. తల మాత్రమే 35 కిలోలకు మించును. ఎనిమిది స్పీకర్ల పెట్టె అంతకంటె బరువు. దాని నాదమును నేటికిని గొప్పగా చెప్పుకొందురు. నేడు క్లాస్-డి అను పద్ధతిలో 500 వాట్ల తల రెండు మూడు కిలోలలో దొరకుచున్నది. నియోడిమియం అయస్కాంతముతో చేసిన 12 అంగుళముల స్పీకరు పెట్టెను ఒక్కడే ఎత్తగలడు. నాదములో పాతదానికే ఓటు వేయువారు మన బృందములోను కలరు. వారితో మాకు పేచీ లేదు. కాని లిఫ్టు లేని మండపపు మెట్లమీద దానిని మోయువారెవరని మాత్రము అడుగుచున్నాము. ఆటోలో పట్టనిది మన పిల్లల ఆంప్లిఫయరు కానేరదు.

ఇంటిలో అభ్యాసమునకు 30 వాట్లు చాలును. డ్రమ్ములతో చిన్న మండపమున వాయించుటకు 200 మొదలు 300 వాట్లు కావలెను. పెద్ద సభలలో బాసు సంకేతము మిక్సరుకు పోవును. మన పెట్టె వాయించువానికి వినబడుటకే. అందుచే వెనుక డి.ఐ. అను నిర్గమము లేని ఆంప్లిఫయరును కచేరీల కొరకు కొనరాదు.

విద్యుత్తు విషయము డబ్బుకంటె ముఖ్యమైనది, ప్రాణములతో కూడినది. పందిరులలో తాత్కాలికపు తీగలు లాగుదురు. ఎర్తు సరిగా ఉండదు. చేయి తీగలపై నుండగా పెదవి మైకును తాకినచో షాకు కొట్టు ప్రమాదము కలదు. గుంయిమను శబ్దము పోవుటకై ప్లగ్గులోని ఎర్తు పుల్లను విరిచివేయు దుర్మార్గపు అలవాటు కొందరికి కలదు. మన బృందములో ఎవ్వరును ఆ పని చేయరాదు. వాయింపకముందే ఎలక్ట్రీషియన్‌చే ఎర్తు పరీక్ష చేయించుడు. ఆ వసతి లేనిచోట వాయించుటకు ఒప్పుకొనకుడు.

అమెరికాలోని బంధువులు ఆంప్లిఫయరు తెచ్చి యిత్తుమందురు. అచటి విద్యుత్తు 120 వోల్టులు, ఇచటిది 230. వెనుకనున్న చీటిపై 100 నుండి 240 వరకని ముద్రించియున్ననే నేరుగా తగిలింపుడు. గిటారుకు ఈ చిక్కు లేదు. కేబుళ్లను సైతము తారుమారు చేయకుడు. గిటారు నుండి ఆంప్లిఫయరుకు పోవు కేబులు వేరు, ఆంప్లిఫయరు నుండి స్పీకరుకు పోవు మందపు కేబులు వేరు. మొదటిదానిని రెండవదానికి వాడినచో వేడెక్కును.

అంగడిలో పరీక్షించునప్పుడు ఒంటరిగా పోకుడు. ఒకరు వాయింపగా మరియొకరు పది అడుగుల దూరమున నిలిచి వినవలెను. లోతైన నాదము పెట్టె దగ్గరకంటె దూరమున తేటగా తెలియును. మీటలన్నియు నడుమ నుంచి, మీకు బాగుగా వచ్చిన ఒక్క పాటనే ప్రతి వాద్యముపైనను వాయించుడు. గిటారు మీద వ్రాసిన పేరును గుడ్డతో కప్పించి వినుటయు మంచిదే. మేమట్లు చేయించినప్పుడు పిల్లల అభిప్రాయములు చాలవరకు మారినవి.

చివరగా తలిదండ్రులకు మా మనవి. గిటారు చెప్పులవంటిది, ఎవరి చేతికి తగినది వారికే ఉండవలెను. ఆంప్లిఫయరు పందిరివంటిది, ఒక్కటే నలుగురికి నీడనిచ్చును. కావున ఒక్కొక్క కుటుంబము అప్పుచేసి ఒక్కొక్క చిన్న పెట్టెను కొనుటకంటె, నలుగురు కలిసి ఒక మంచి ఆంప్లిఫయరును, రెండు స్పీకరు పెట్టెలను కొనుట లాభము. సంఘము కొన్న సామగ్రిని కచేరీలున్న పిల్లలు పుస్తకములో సంతకము చేసి తీసికొనిపోవచ్చును. తిరిగి తెచ్చినప్పుడు కేబుళ్లు లెక్క చూపవలెను. దానిపై ఆరు నెలలు వాయించి, ఏ నాదము తన కచేరీకి అవసరమో తెలిసిన పిమ్మట, తన సంపాదనతో తనది కొనుక్కొన్న పిల్లవానికి నష్టము రాదు. తల్లి గాజులు తల్లి చేతనే యుండును.