ప్రమాణ స్వీకారం నాటి మాట – దాని మూల్యం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యూనిట్‌కి కొత్త కమాండింగ్ ఆఫీసర్ వస్తే, మొదటి సైనిక సమ్మేళనంలో ఏం మాట్లాడతారా అని అందరం చెవులు రిక్కించి వింటాం. "సాబ్ మాట మీద నిలబడే మనిషేనా?" అని ఆ పది నిమిషాల్లోనే అంచనా వేసేస్తాం. దేశాధినేత ప్రమాణ స్వీకారం నాడు పలికే మాటలూ అంతే. అమెరికాలో ఈ ప్రసంగాలకు పెద్ద ఆనవాయితీ ఉంది. వాటిలో రెండింటిని సైనికుడి దృష్టితో మీ ముందు పెడతాను.

వినేవాణ్ణి ఒప్పించడానికి మూడు దారులున్నాయని గ్రీకు పండితుడు అరిస్టాటిల్ సుమారు 2,300 ఏళ్ల కిందటే చెప్పాడు. చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసును కదిలించడం, మాటలో తర్కం.

1961 జనవరి 20న జాన్ కెనడీ అధ్యక్షుడయ్యాడు. అప్పుడాయనకు 43 ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో తన టార్పెడో పడవ మునిగిపోతే తోటివారిని కాపాడిన నౌకాదళ అధికారి. కాబట్టి జనానికి నమ్మకం కుదిరింది. దేశం నీకేమిస్తుందని కాదు, దేశానికి నువ్వేం చేయగలవో ఆలోచించు అన్న ఆయన పిలుపు అందరికీ తెలుసు. అదే ప్రసంగంలో ఇంకో మాట ఉంది. స్వేచ్ఛ కోసం ఎంతటి మూల్యమైనా చెల్లిస్తాం, ఎంతటి భారమైనా మోస్తాం అన్నాడు. వింటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ మూల్యం ఎంతో, కట్టేది ఎవరో ఆ మాటలో లేదు. తర్వాత వియత్నాంలో 58,000 మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. వియత్నాం ప్రజలు లక్షల్లో పోయారు. ఆ ఒక్క మాట వల్లే యుద్ధం వచ్చిందని నేననను. అయితే "ఎంతైనా" అని నాయకుడు అన్నప్పుడు, లెక్క తేలేది సైనికుడి ఇంట్లోనే.

ఇక అబ్రహాం లింకన్. 1865 మార్చి 4న రెండోసారి ప్రమాణం చేశాడు. నాలుగేళ్ల అంతర్యుద్ధంలో గెలుపు గుమ్మంలోకి వచ్చేసింది. అయినా విజయగర్వం లేదు. సుమారు 700 మాటల్లో ముగించాడు. యుద్ధానికి మూలం బానిసత్వమేనని సూటిగా చెప్పాడు. ఇరుపక్షాలూ ఒకే దేవుణ్ణి వేడుకున్నాయని గుర్తుచేశాడు. ఎవరి మీదా ద్వేషం వద్దన్నాడు. చివర్లో, యుద్ధభారం మోసిన సైనికుణ్ణి, అతని భార్యాబిడ్డల్ని చూసుకోవడం మన బాధ్యత అన్నాడు. సరిగ్గా 41వ రోజున ఆయన మీద తుపాకి పేలింది, మర్నాడు ప్రాణం పోయింది. మనిషి పోయినా మాట నిలిచింది. 1959లో అక్కడి మాజీ సైనికుల సంక్షేమ సంస్థ ఆ మాటల్నే తన ధ్యేయవాక్యంగా తీసుకుంది. 2023లో వాక్యం మార్చినా బాధ్యత మారలేదు.

కెనడీ మూల్యం చెల్లిస్తామన్నాడు. లింకన్ చెల్లించినవాణ్ణి తలుచుకున్నాడు. నాకు తేడా అక్కడే కనిపిస్తుంది.

యూనిఫాంలో ఉన్నంతకాలం రాజకీయాలు మనకు వద్దు. కానీ పౌరుడిగా వినడం మన హక్కు. ఏ పార్టీ నాయకుడైనా సరే, చప్పట్లు కొట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. చెప్పేవాడు ఇంతకుముందు ఏం చేశాడు? నాలో దేన్ని కదిలిస్తున్నాడు? ఖర్చు ఎవరిది, ఆ తర్వాత వాళ్లను చూసేదెవరు? మన పిల్లలకూ ఈ అలవాటు నేర్పుదాం.

జై హింద్.